రెండో వైపు, నాలుగో పాట

హల్ ఊళ్లో, కప్పున్న మార్కెట్లో,
చేపల దుకాణానికీ తాళంచెవులు కోసే రే బ్లెన్‌కిన్‌కీ మధ్య
నా పాత రికార్డుల బల్ల.
గురువారం వాన పడితే బేరం ఉండదు.
వాన పడని గురువారం నేనెరగను.

అందుకే కత్తెర పట్టుకుంటాను.
అట్ట కోసి, మడిచి, జిగురు రాసి
సింగిల్‌గా ఎన్నడూ రాని పాటలకి
ఏడంగుళాల చొక్కాలు కుడుతుంటాను.

'వింటర్ టైమ్‌టేబుల్' అని ఇద్దరుండేవాళ్లు.
గొంతు మౌరీన్ స్టాథర్స్‌ది, మీటలు కీత్ ఆంబ్లర్‌వి.
ఎనభై ఆరులో ఒకే ఒక్క ఆల్బమ్, పది పాటలు.
కంపెనీవాళ్లు మూడింటిని ఏరి వదిలారు.
మూడూ చప్పట్లు కొట్టించేవే,
మగపెళ్లివారిలా మొదటి బంతిలో కూర్చుని
వేడివేడిగా తిని, చెయ్యి కడుక్కుని వెళ్లిపోయాయి.
ఇప్పుడు వాటి పేర్లడిగితే నాకే తట్టవు.

మిగతావి ఆఖరి బంతి.
'నీ కోటు ఇంకా నా దగ్గరే':
డ్రమ్ము లేదు, కుట్టుమిషను లాంటి చప్పుడొకటి.
అది రేడియోలో వచ్చుంటే
ఆ చలికాలం ఎన్ని కోట్లు తిరిగి గుమ్మాలెక్కేవో!
'పావురాలూ పన్నులూ':
నవ్వులాటగా మొదలై
నడుమ ఎక్కడో మెట్టు తప్పి జారే గొంతు.
ఇక రెండో వైపు నాలుగోది, 'వంతెన ఎత్తారు'.
నదిలో పడవకి దారివ్వాలని వంతెన పైకి లేపితే
ఈవల బస్సులో చిక్కుకున్న ఒక మనిషి,
ఆవల ఆస్పత్రి.
అంతే. రెండు నిమిషాల యాభై సెకన్లు.
పల్లవి ఒక్కసారే వస్తుంది.
మళ్లీ వస్తుందని చెవి అప్పగించి కూర్చుంటాం,
సూది ఖాళీ గాడిలో గీరుకుంటూ ఉంటుంది.

"పల్లవి తిరిగి రాని పాట ఎవడు కొంటాడు గవ్?"
గవర్రాజుని పద్దెనిమిదేళ్లుగా గవ్ అనే పిలుస్తాడు రే.
పద్దెనిమిదేళ్లుగా వాడితో నాకిదే తగువు.

పోయిన నెల, తడిసిన గొడుగు మడవకుండానే
చేతులు మించిన మగకోటు వేసుకున్న ఒకావిడ
సింగిల్స్ డబ్బాలో వేళ్లు నడిపిస్తూ వచ్చి
నా నీలం అట్ట దగ్గర ఆగింది.
లోపల వేలు పెట్టి చూసింది.
"ఇందులో ఏమీ లేదే."
"లేదండీ. రాలేదు. రావలసింది."
ఇక నా ఉపన్యాసమంతా ఒప్పజెప్పాను:
కంపెనీకి చెవుల్లేవన్నాను,
చెవులుంటే వాటి మధ్య ఏమీ లేదన్నాను.
ఆవిడ ఓపిగ్గా విని,
"వాళ్లు అడిగారు. మొదట అడిగింది దాన్నే.
కీతే ఇవ్వనన్నాడు.
ఆ బస్సులో ఉన్నది వాడే కదా.
వాళ్లమ్మ ఆ పొద్దున..."

చేపలతను తట్టెడు ఐసు కుమ్మరించాడు.
ఆ మాట కొస నాకు వినపడలేదు.
మళ్లీ అడగలేదు.

"నా పేరులో 'టి'లు ఇన్ని ఉండవు," అంది కాసేపాగి.
"రంగు కూడా నీలం కాదు."
"మరి?"
కోటు అంచు మీద వాన దులుపుకుంది.
"ఆకుపచ్చ. ఎంత ఇది?"
ఖాళీ అట్టేనండీ, ఊరికే తీసుకోండన్నాను.
వినలేదు. యాభై పెన్స్ బల్ల మీద పెట్టి
అట్టని తడవకుండా కోటు లోపల దాచుకుంది.

అప్పట్నుంచీ రే తాళాలు కోసే మోతలో
గెలిచినవాడి ఈల కూడా కలిసింది.
నేనింకా ఒప్పుకోలేదు.
ఇవ్వననడం అతని హక్కు, కాదనను,
కానీ అంత బాగా దాచిపెట్టినవాడు
పది పాటల్లో దాన్నసలు ఎందుకు పెట్టినట్టు?
రే దగ్గర దీనికి జవాబు లేదు.
నా దగ్గరా లేదు.

ఇవాళ గురువారం, వాన.
ఆకుపచ్చ అట్ట కోస్తున్నాను.
'టి'లు లెక్కపెట్టి మరీ.